మెట్టూరు నుంచి మలక్‌పేట దాకా: స్టాన్లీ, డెర్బీ పేర్ల చిక్కుముడి

కావేరి నీళ్ల తగాదా వచ్చినప్పుడల్లా పత్రికల్లో కనబడే మెట్టూరు జలాశయానికి సర్కారు కాగితాల్లో ఇంకో పేరుంది: స్టాన్లీ రిజర్వాయర్. పూర్తి నీటిమట్టం 120 అడుగులు, నిల్వ 93.47 టీఎంసీలు. చెన్నై రాయపురంలో అదే పేరుతో పెద్దాసుపత్రి, వైద్య కళాశాల ఉన్నాయి. జలాశయం, ఆసుపత్రి, కళాశాల అన్నింటికీ ఒకే మనిషి పేరు పెట్టారు. ఆయన 1929 నుంచి 1934 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన సర్ జార్జ్ ఫ్రెడరిక్ స్టాన్లీ. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ గవర్నరు ఏలుబడిలోనే ఉండేవి.

ఆ జార్జ్ స్టాన్లీ తండ్రి పేరు మీద కెనడాలో ఐస్ హాకీ కప్పు ఉంది, వాంకూవర్‌లో వెయ్యెకరాల పార్కు ఉంది. తాత పేరు మీద ఫాక్‌లాండ్ దీవుల రాజధాని, హాంకాంగ్‌లో ఒక ఊరు ఉన్నాయి. పెదనాన్న పేరు మీద పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ఒక ఊరుంది గానీ, అది స్టాన్లీ కాదు, డెర్బీ. ఇక తాతకు తాత పేరు మీద ఇంగ్లండులో మొదలైన గుర్రప్పందెం మాటే మన మలక్‌పేట రేసుకోర్సులో డెక్కన్ డెర్బీగా వినబడుతుంది.

ఉన్నది ఒకే వంశం. కొన్నిచోట్ల దాని ఇంటిపేరు అతుక్కుంది, కొన్నిచోట్ల బిరుదు అతుక్కుంది. పైపైన చూస్తే కలగాపులగంగా ఉంటుంది గానీ, దీనికో లెక్క ఉంది. ఆ మనిషి ఎంత గొప్పవాడన్నది ఈ లెక్కలోకి రాదు. పేరు పెట్టిన రోజున ఆయన్ని జనం ఏమని పిలిచేవారు, ఆ రోజున ఆయన ఏ కుర్చీలో ఉన్నాడు అన్న రెండు సంగతులు తెలిస్తే ముడి దాదాపుగా విడిపోతుంది.

ఇంటిపేరు వేరు, బిరుదు వేరు

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. కందుకూరి, వేమూరి, గురజాడ అనగానే వెనకాల ఒక ఊరు కనబడుతుంది. స్టాన్లీ కూడా అలాంటిదే. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో లీక్ అనే ఊరి దగ్గరి పల్లె పేరది. పాత ఇంగ్లీషులో రాతినేలలో చెట్లు నరికి చదును చేసిన చోటు అని అర్థం. ఆ పల్లె నుంచి వచ్చిన కుటుంబం ఊరి పేరునే ఇంటిపేరు చేసుకుంది. తర్వాతి తరాల్లో ఆ ఇంటిపేరు మళ్లీ ఊళ్లకు ఎక్కింది. ఊరి నుంచి ఇంటికి, ఇంటి నుంచి మరో ఖండంలోని ఊరికి చేరిందన్నమాట.

డెర్బీ దారి వేరు. అది రాజు ఇచ్చే బిరుదు, పూర్తిగా ఎర్ల్ ఆఫ్ డెర్బీ. ఎర్ల్ అంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఒక ప్రభువు హోదా. ఇంగ్లండు నడిబొడ్డున డెర్బీ అనే ఊరు, దాని చుట్టూ డెర్బీషైర్ జిల్లా ఉన్నాయి. చివరనున్న 'బీ' వైకింగుల భాషలో ఊరు అన్న మాట. 12వ శతాబ్దంలో ఫెరర్స్ వంశస్థులు ఎర్ల్ ఆఫ్ డెర్బీలు. 1266లో రాజు మీద తిరగబడి ఓడిపోవడంతో భూములు, బిరుదు రెండూ పోగొట్టుకున్నారు. ఆ తర్వాత బిరుదు రాజకుటుంబంలోనే తిరిగింది. ఒకప్పుడు డెర్బీ ఎర్ల్‌గా పిలిపించుకున్న హెన్రీ బోలింగ్‌బ్రోక్ 1399లో నాలుగో హెన్రీగా గద్దెనెక్కడంతో అది సింహాసనంలో కలిసిపోయింది.

1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధం జరిగింది. మూడో రిచర్డ్ చనిపోయాడు, ఏడో హెన్రీ రాజయ్యాడు. ఆ హెన్రీ తల్లి మార్గరెట్ బోఫోర్ట్‌ను పెళ్లాడినవాడు థామస్ స్టాన్లీ, అంటే కొత్త రాజుకు మారుతండ్రి. ఆ రోజు థామస్ తన సేనతో పక్కన నిలబడిపోగా, తమ్ముడు విలియం సేన దూకి యుద్ధాన్ని తేల్చేసింది. రెండు నెలల తర్వాత థామస్‌కు ఎర్ల్ ఆఫ్ డెర్బీ బిరుదు దక్కింది. ఇప్పటిదాకా ఆ వంశంలోనే ఉంది.

స్టాన్లీల భూములు, కోట, పలుకుబడి అన్నీ లాంకషైర్‌లో, ఇప్పటి లివర్‌పూల్ చుట్టుపక్కల ఉండేవి. వాళ్ల నివాసం నోస్లీ కూడా లివర్‌పూల్‌ను ఆనుకునే ఉంటుంది. డెర్బీ ఊరికి వాళ్లు ఎప్పుడూ దొరలు కారు. లివర్‌పూల్‌లో వెస్ట్ డెర్బీ అనే ప్రాంతం ఉంది కాబట్టి బిరుదు దాని నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు. కానీ 1485లో ఇచ్చింది ఫెరర్స్‌ల కాలం నుంచీ ఉన్న పాత బిరుదునే కనుక, డెర్బీషైర్ వాదనకే బలం ఎక్కువ. ఇంగ్లీషు బిరుదులో ఊరి పేరుంటే బిరుదుదారు ఆ ఊరివాడేనని అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు.

ఇక పిలుపుల సంగతి. కుటుంబ పెద్ద లార్డ్ డెర్బీ. ఆయన బతికుండగా పెద్దకొడుకును లార్డ్ స్టాన్లీ అంటారు. అది కేవలం మర్యాద కోసం పిలిచే పేరు. చిన్నకొడుకులకు పేరుకు ముందు 'ఆనరబుల్' తప్ప మరే బిరుదూ ఉండదు, మిగిలేది ఇంటిపేరే. జార్జ్ ఈ చిన్నకొడుకుల్లో ఒకడు. అందుకే మెట్టూరు జలాశయానికి స్టాన్లీ అని తప్ప డెర్బీ అని పేరు వచ్చే వీలే లేదు. ఆయన ఏనాడూ లార్డ్ డెర్బీ కాలేదు. ఆ బిరుదు ఆయన అన్నకు వెళ్లింది.

తండ్రీకొడుకులు, ఒకే కుర్చీ, రెండు పేర్లు

పేరు పెట్టిన తేదీయే అంతా తేలుస్తుందనడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు.

జార్జ్ తాత, 14వ ఎర్ల్ ఎడ్వర్డ్ స్టాన్లీ 1841 నుంచి 1845 దాకా బ్రిటన్‌లో యుద్ధం, వలసల శాఖకు మంత్రి. తండ్రి బతికే ఉన్నాడు కాబట్టి జనానికి ఆయన లార్డ్ స్టాన్లీ. ఫాక్‌లాండ్స్‌లో అప్పటిదాకా పోర్ట్ లూయీ రాజధాని. గవర్నరు రిచర్డ్ మూడీ కొత్త రేవు చూసి 1843లో పని మొదలుపెట్టించాడు, 1845లో రాజధాని అక్కడికి మారింది. కొత్త ఊరికి అనుమతి, డబ్బు మంజూరు చేయాల్సింది మంత్రే. ఊరికి స్టాన్లీ అని పేరు పెట్టారు. అదే కాలంలో బ్రిటన్ చేతికి కొత్తగా వచ్చిన హాంకాంగ్‌లో దక్షిణ తీరపు ఊరికీ, టాస్మేనియా ఉత్తర తీరంలో ఒక రేవు ఊరికీ ఆ పేరే వచ్చింది. మూడు చోట్లా మనిషి ఒకడే, పదవి ఒకటే, నాలుగైదేళ్ల వ్యవధి.

ఆయన పెద్దకొడుకు 15వ ఎర్ల్ ఎడ్వర్డ్ హెన్రీ 1882 నుంచి 1885 దాకా అదే వలసల శాఖ చూశాడు. తండ్రి 1869లోనే పోయాడు కాబట్టి అప్పటికి కొడుకే లార్డ్ డెర్బీ. 1883లో పశ్చిమ ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో కట్టిన రేవు ఊరికి డెర్బీ అని పేరు పెట్టారు. అదే ఊరు అంతకు ముందు 20 ఏళ్లకు పుట్టి, ఇదే మనిషి మంత్రిగా ఉండుంటే అదీ స్టాన్లీయే అయ్యేది.

ఈ 15వ ఎర్ల్ మనకూ సంబంధించినవాడే. 1858లో కంపెనీ పాలన పోయి భారతదేశం నేరుగా బ్రిటిష్ ప్రభుత్వం కిందికి వచ్చినప్పుడు, ఇండియా వ్యవహారాలకు వేసిన మొట్టమొదటి మంత్రి ఆయన. అప్పుడు తండ్రి లార్డ్ డెర్బీ ప్రధాని, కొడుకు లార్డ్ స్టాన్లీ ఆయన మంత్రివర్గంలోనే ఉన్నాడు. పాత కాగితాల్లో ఒకే పేజీలో ఈ రెండు పేర్లూ కనిపిస్తే వేర్వేరు వంశాలనుకోవద్దు.

ఎవరైనా సొంతంగా లెక్క తేల్చుకోవాలనుకుంటే, బిరుదు చేతులు మారిన సంవత్సరాలు దగ్గర పెట్టుకుంటే చాలు. 12వ ఎర్ల్ 1776 నుంచి, 13వ ఎర్ల్ 1834 నుంచి, 14వ ఎర్ల్ 1851 నుంచి, 15వ ఎర్ల్ 1869 నుంచి, 16వ ఎర్ల్ 1893 నుంచి, 17వ ఎర్ల్ 1908 నుంచి 1948 దాకా. ఊరికో కప్పుకో పేరు పెట్టిన సంవత్సరం తెలిస్తే, ఆ రోజున డెర్బీ ఎవరో, స్టాన్లీ ఎవరో వీటిని బట్టి తేలుతుంది. ఆ తర్వాత వాళ్లలో ఎవరికి ఆ చోటు మీద అధికారం ఉందో చూడాలి. అమెరికాలోని కనెటికట్‌లో ఉన్న డెర్బీకి 1675లో పేరు పెట్టారు. అప్పటికి గుర్రప్పందెం లేదు, వలసల మంత్రీ లేడు. అది సూటిగా ఇంగ్లండులోని డెర్బీ ఊరి నుంచి వచ్చిన పేరు.

పదమూడు నెలల తేడాలో స్టాన్లీ కప్పు

14వ ఎర్ల్ రెండో కొడుకు ఫ్రెడరిక్, మన మెట్టూరు జార్జ్‌కు తండ్రి. చిన్నకొడుకు కాబట్టి వారసత్వంగా ఏ బిరుదూ రాలేదు. 1886లో సొంతంగా లార్డ్ స్టాన్లీ ఆఫ్ ప్రెస్టన్ అయ్యాడు. 1888 నుంచి 1893 దాకా కెనడా గవర్నర్ జనరల్‌గా చేశాడు.

ఆయన వచ్చిన ఏడాదే వాంకూవర్‌లో పార్కు తెరిచారు. ఆ నేల ఒక ద్వీపకల్పం, సైన్యం కోసం పక్కన పెట్టి ఉంచింది. పక్కన పెట్టించింది కూడా ఫాక్‌లాండ్స్‌లో స్టాన్లీ ఊరు కట్టించిన ఆ రిచర్డ్ మూడీయే. తర్వాతి రోజుల్లో ఆయన బ్రిటిష్ కొలంబియాలో పనిచేశాడు. 1886లో ఏర్పడిన వాంకూవర్ నగరపాలక సంఘం ఆ భూమిని పార్కుకు ఇమ్మని కెనడా ప్రభుత్వాన్ని అడిగింది. దయతలచాల్సింది రాజధాని ఒట్టావాలోని ప్రభుత్వం కనుక, గవర్నర్ జనరల్ పేరు పెట్టడం ఆనాటి రివాజు. 1888 సెప్టెంబరులో పార్కు తెరిచారు, 1889 అక్టోబరులో ఆయనే వచ్చి అంకితం చేశాడు. విస్తీర్ణం సుమారు 405 హెక్టార్లు. అక్కడ అంతకు ముందు నుంచీ స్థానిక స్క్వామిష్ ప్రజల ఊళ్లు ఉండేవి. కొత్త పేరు పెట్టినవాళ్లు వాటి పేర్లను లెక్కలోకే తీసుకోలేదు. ఈ పేర్ల చరిత్ర రాసేటప్పుడు ఆ సంగతి చెప్పకుండా వదిలేయడం తప్పు.

ఇక కప్పు. ఫ్రెడరిక్ కొడుకులు ఆర్థర్, ఆల్జెర్నన్, కూతురు ఇసొబెల్ కెనడా చలికాలంలో మంచు మీది హాకీకి అలవాటు పడ్డారు. తండ్రిని ఒప్పించింది పిల్లలే. 1892 మార్చి 18న ఒట్టావాలో జరిగిన విందులో ఆయన ఉత్తరం చదివి వినిపించారు: దేశంలో అన్నిటికన్నా మెరుగైన జట్టుకు ఒక కప్పు ఇస్తానని. లండన్‌లో వెండిసామాను అమ్మే దుకాణంలో 10 గినీలకు కొన్నారు. ఒక గినీ అంటే 21 షిల్లింగులు, కాబట్టి పదిన్నర పౌన్లు. గిన్నె ఎత్తు ఏడంగుళాలు దాటి కొద్దిగా, మూతి వెడల్పు పదకొండు అంగుళాల పైచిలుకు. అంచు మీద ఒకవైపు 'డొమినియన్ హాకీ చాలెంజ్ కప్', మరోవైపు 'ఫ్రమ్ స్టాన్లీ ఆఫ్ ప్రెస్టన్' అని చెక్కించారు.

అంటే కప్పు అసలు పేరు స్టాన్లీ కప్పు కాదు. చెక్కిన పేరు పొడుగ్గా ఉంది. ఇచ్చినవాడి పేరు పట్టుకోవడం జనానికి తేలిక, అందుకే అదే నిలిచింది. మరో కారణం ఆయన పెట్టిన షరతుల్లో ఉంది. కప్పు ఏ జట్టుకూ సొంతం కాకూడదు, ఇద్దరు ధర్మకర్తల చేతిలో ఉండాలి, గెలిచినవాళ్లు తమ పేరు తమ ఖర్చుతోనే చెక్కించుకోవాలి. వరసగా మూడుసార్లు గెలిచిన జట్టుకు కప్పు ఇచ్చేసే పద్ధతి పెట్టి ఉంటే, నాలుగేళ్లకో పదేళ్లకో మరో దాత మరో కప్పు తెచ్చేవాడు, స్టాన్లీ పేరు పోయేది. ఎప్పటికీ తిరుగుతూనే ఉండే కప్పు కాబట్టి పేరూ తిరుగుతూనే ఉంది.

ఇవాళ ఆటగాళ్లు తలమీదికి ఎత్తే కప్పు ఎత్తు 35.25 అంగుళాలు, బరువు 34.5 పౌన్లు, అంటే పదిహేనున్నర కిలోలు. పైనున్నది గిన్నె, కింద పీపా ఆకారంలో పట్టీలు. ఐదు పెద్ద పట్టీలు, ఒక్కో దాని మీద 13 జట్ల పేర్లు పడతాయి. నిండిపోతే అన్నిటికన్నా పాత పట్టీ తీసేసి కొత్తది వేస్తారు. తీసినది, 1892 నాటి అసలు గిన్నె రెండూ టొరంటోలోని హాకీ మ్యూజియంలో ఉన్నాయి. లోహం అరిగి పెళుసెక్కడంతో అసలు గిన్నెను ఆటగాళ్ల చేతికి ఇవ్వడం మానేశారు.

1893 ఏప్రిల్‌లో 15వ ఎర్ల్ పిల్లలు లేకుండానే చనిపోయాడు. తమ్ముడైన ఫ్రెడరిక్ 16వ ఎర్ల్ ఆఫ్ డెర్బీ అయ్యి, ఆ జులైలోనే ఇంగ్లండు వెళ్లిపోయాడు. విందులో ఉత్తరం చదివిన రోజుకూ, అన్న పోయిన రోజుకూ మధ్య తేడా పదమూడు నెలలు. ఆ ప్రకటన 1893 వేసవిలో వచ్చి ఉంటే ఉత్తర అమెరికాలోని ఆటగాళ్లు ఇవాళ డెర్బీ కప్పు కోసం పోరాడేవాళ్లు. 17వ ఎర్ల్ విషయంలో సరిగ్గా అదే జరిగింది. ఫ్రాన్స్‌లో రగ్బీ లీగ్ ఆటకు ఆయనిచ్చిన కప్పు లార్డ్ డెర్బీ కప్పు. ఆయన అప్పటికే ఎర్ల్ కనుక.

పందెం పేరు మామూలు మాటగా ఎలా మారింది

12వ ఎర్ల్‌కు లండన్ దగ్గరి గుర్రప్పందేల ఊరు ఎప్సమ్ పక్కన 'ది ఓక్స్' అనే విడిది ఇల్లుండేది. 1779లో మూడేళ్ల ఆడగుర్రాలకు మైలున్నర పందెం పెట్టి దానికి ఆ ఇంటి పేరే పెట్టారు. ఆయన గుర్రం బ్రిడ్జెట్టే గెలిచింది. మరుసటేడు, 1780 మే 4న, మగవాటికీ ఆడవాటికీ కలిపి ఇంకో పందెం పెట్టారు. దీనికి ఎర్ల్ పేరు పెట్టాలా, ఆయన స్నేహితుడు, పందేల పెద్ద సర్ చార్ల్స్ బన్‌బరీ పేరు పెట్టాలా అని నాణెం ఎగరేశారని కథ ఉంది. కథగా వినదగ్గదే, ఆధారంగా పెట్టుకోదగ్గది కాదు. నిజంగా జరిగిందేమంటే పందెం పేరు డెర్బీ అయింది, పందెం గెలిచింది బన్‌బరీ గుర్రం డయొమెడ్.

మొదట్లో దూరం ఒక మైలే. 1784 నుంచి మైలున్నర చేశారు. ఇప్పుడు కచ్చితమైన కొలత 1 మైలు 4 ఫర్లాంగులు 6 గజాలు. వయసు మూడేళ్లు, ఒక గుర్రానికి జీవితంలో ఒక్కటే అవకాశం. ఆడగుర్రానికి మోయాల్సిన బరువులో 3 పౌన్ల మినహాయింపు తప్ప అన్నీ సమానం. వేరే దేశాలు ఎత్తుకెళ్లింది ఈ సూత్రాన్ని. పేరు దానితోపాటు వెళ్లింది. అందుకే లివర్‌పూల్ దొర బిరుదుతో ఏ సంబంధమూ లేని ఊళ్లలోనూ డెర్బీలు పుట్టాయి.

1872లో ఇంగ్లండు వచ్చి ఎప్సమ్ చూసి వెళ్లిన మెరివెదర్ లూయిస్ క్లార్క్ 1875లో కెంటకీ డెర్బీ మొదలుపెట్టాడు. మొదట మైలున్నరే. మూడేళ్ల గుర్రానికి మే నెలలో అంత దూరం ఎక్కువన్న ఫిర్యాదులతో 1896లో మైలుంబావుకు తగ్గించారు. అది జరిగే చోటు పేరు చర్చిల్ డౌన్స్. క్లార్క్ మేనమామలు చర్చిల్ సోదరులు, నేల వాళ్లది. అలా రెండు కుటుంబాల పేర్లు ఒకే చోట చేరాయి. ప్రధాని చర్చిల్‌తో ఆ పేరుకు సంబంధం లేదు.

ముంబై మహాలక్ష్మిలో ఇండియన్ డెర్బీ 2400 మీటర్లు, మైలున్నరకు మెట్రిక్ రూపం. కానీ అందులో పరుగెత్తేవి నాలుగేళ్ల గుర్రాలు. కారణం చిన్నదే. మన గుర్రాల వయసును పుట్టిన తేదీతో లెక్కించరు, జనవరి 1న అన్నిటికీ ఒకేసారి ఏడాది పెరుగుతుంది. పందెం ఫిబ్రవరిలో కనుక, ఎప్సమ్ తీరున ఎంచిన గుర్రాలే నెల రోజుల కింద నాలుగేళ్లవి అయి ఉంటాయి. మలక్‌పేటలో డెక్కన్ డెర్బీ, గోల్కొండ డెర్బీ అని రెండున్నాయి. ముందున్న మాట మనది, వెనకున్నది 1485 నాటి బిరుదు.

ఇంగ్లండులో 19వ శతాబ్దం నడిమికల్లా డెర్బీ రోజు జాతర రోజైంది. చాలా ఏళ్లపాటు పార్లమెంటు కూడా ఆ రోజు సభ వాయిదా వేసుకునేది. అప్పటికే పత్రికల్లో 'ఫలానా ఆటకు డెర్బీ' అంటే దానిలో పెద్ద పోటీ అన్న అర్థం వచ్చేసింది. ఇరుగుపొరుగు జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌ను లోకల్ డెర్బీ అనడం దీని కొనసాగింపే అని నా అభిప్రాయం. వేరే కథలు రెండున్నాయి. డెర్బీషైర్‌లోని ఆష్‌బర్న్‌లో ఊరు రెండుగా చీలి ఆడే పాతకాలపు బంతాట నుంచి వచ్చిందన్నది ఒకటి. ఆ ఆటను అక్కడివాళ్లు డెర్బీ అని పిలవరు కాబట్టి ఇది నిలబడదు. 2025లో ఎవర్టన్ కొత్త మైదానానికి మారేదాకా లివర్‌పూల్, ఎవర్టన్ జట్ల మైదానాలకు మధ్య స్టాన్లీ పార్కు ఉండేది కాబట్టి ఆ ఎర్ల్ పేరు మీద అన్నారన్నది రెండోది. వినడానికి బాగుంటుంది. కానీ పార్కుకు ఉన్నది ఇంటిపేరు, మాటకు ఉన్నది బిరుదు. ఈ లెక్క కుదరాలంటే అది లోకల్ స్టాన్లీ కావాలి. పైగా ఆ రెండు జట్లు తొలిసారి లీగ్‌లో తలపడింది 1894లో. పెద్ద పోటీ అన్న అర్థం అప్పటికే పాతబడింది.

డెర్బీ కౌంటీ, నాటింగమ్ ఫారెస్ట్ జట్లు తలపడినప్పుడు దాన్నీ డెర్బీ అనే అంటారు. ఆ వాక్యంలో డెర్బీ రెండుసార్లు వస్తుంది, ఒకటి ఊరి నుంచి నేరుగా, రెండోది ఎర్ల్ చుట్టూ, ఎప్సమ్ చుట్టూ తిరిగి. కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ డెర్బీ అయిందంటే ఆ తిరుగుడు ఇంకా పొడిగిందన్నమాట. 1930ల్లో షికాగోలో చక్రాల బూట్ల మీద మొదలైన ఆటకు రోలర్ డెర్బీ అని పేరు. అందులో గుర్రమూ లేదు, ఇరుగూపొరుగూ లేదు, పోటీ ఒక్కటే మిగిలింది.

పలకడంలోనూ ఈ ప్రయాణం వినిపిస్తుంది. ఇంగ్లండులో డార్బీ అంటారు, క్లర్కును క్లార్క్ అన్నట్టే. అమెరికాలో డర్బీ. మనం స్పెల్లింగు చూసి డెర్బీ అన్నాం.

ఎక్కడ అతుక్కుంటుంది, ఎక్కడ ఊడిపోతుంది

పేరు పెట్టినంత మాత్రాన నిలవదు. మెట్టూరు చుట్టుపక్కల స్టాన్లీ రిజర్వాయర్ అని ఎవరూ అనరు. మెట్టూరు డ్యామ్ అనే అంటారు, ఎందుకంటే నోటికి అలవాటైన ఊరి పేరు ముందే ఉంది. అదే గవర్నరు పేరు రాయపురంలో మాత్రం గట్టిగా పాతుకుంది. అక్కడి విద్యార్థి పట్టా మీద, ముద్ర మీద, చీటీ మీద రోజూ రాసే పేరు అదే. 'స్టాన్లీలో చదివాను' అని చెప్పుకునే డాక్టర్లు తరతరాలుగా ఉన్నారు. జనం పనికొచ్చే కాగితం మీద పడ్డ పేరు బతుకుతుంది, శిలాఫలకం మీద మాత్రమే ఉన్నది వెలిసిపోతుంది.

హాంకాంగ్‌లో రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఇంగ్లీషులో స్టాన్లీ, కాంటనీస్‌లో పాత పేరు చెక్ చూ. ఒకదానికొకటి అనువాదం కాదు, బస్సు బోర్డు మీద రెండూ ఉంటాయి. ఫాక్‌లాండ్స్‌లో పేరే తగాదా. 1982 యుద్ధంలో అర్జెంటీనా ఆ ఊరికి ప్యూర్టో అర్జెంటీనో అని పేరు మార్చింది, తన పటాల్లో ఇప్పటికీ అలాగే రాస్తుంది.

తప్పుడు దారులు కూడా చాలా ఉన్నాయి. ఆఫ్రికాలో స్టాన్లీ శిఖరం, ఒకప్పటి స్టాన్లీవిల్ ఈ వంశానివి కావు. అవి అన్వేషకుడు హెన్రీ మోర్టన్ స్టాన్లీవి. ఆయన పుట్టుపేరు జాన్ రోలండ్స్, స్టాన్లీ అన్నది అమెరికాలో తనను ఆదరించిన వ్యాపారి నుంచి తీసుకున్న పేరు. పనిముట్ల పెట్టెలోని స్టాన్లీ అమెరికన్ కంపెనీది. అక్రింగ్టన్ స్టాన్లీ అనే ఫుట్‌బాల్ జట్టు పేరు అది పుట్టిన వీధి నుంచి వచ్చింది. ఇలాంటి చోట దొర నేరుగా పేరిచ్చాడనడం తప్పు, వీధి మీదుగా వచ్చిందనడమే సరైనది.

నిజాం రాజ్యంలో ఈ లెక్క తలకిందులు. అక్కడ బిరుదు మనిషికి ఇచ్చేవారు, కొడుకుకు వేరేది వచ్చేది. పైగాలు అనే జాగీర్దారు వంశపు దొరల్లో తండ్రి బషీరుద్దౌలా, ఆస్మాన్ జా అనిపించుకుంటే, కొడుకు మొయినుద్దౌలా. అందుకే ఒకే ఇంటి గుర్తులు హైదరాబాదులో బషీర్‌బాగ్, ఆస్మాన్‌గఢ్, 1930లో సికింద్రాబాదులో మొదలైన మొయినుద్దౌలా క్రికెట్ కప్పు అంటూ వేర్వేరు పేర్లతో ఉన్నాయి. చుట్టరికం తెలియనివాళ్లకు అవి మూడు కుటుంబాల్లా కనబడతాయి. విజయనగరంలో ఇంకో దారి: ఊరి పేరు సంస్థానానిది, సంస్థానం పేరు మహారాజకుమారుడి బిరుదులో చేరింది, క్రికెట్ మైదానంలో అది విజ్జీ అని కుదించుకుపోయింది, ఆయన పోయాక విశ్వవిద్యాలయాల పోటీకి విజ్జీ ట్రోఫీ అయింది. అందులో ఊరి పేరు ఒక్క అక్షరమే మిగిలింది. స్టాన్లీల ఇంట మాత్రం అయిదు శతాబ్దాలుగా అవే రెండు మాటలు వంతులవారీగా చేతులు మారుతుంటాయి. తరం మారినా మాట మారదు, అందుకే ఎవరిది ఏదో తెలుసుకోవడానికి తేదీ కావాలి.

ఆ పందెం మాత్రం ఆ ఇంటికి అంత తేలిగ్గా లొంగలేదు. 12వ ఎర్ల్ 1787లో సర్ పీటర్ టీజిల్ అనే గుర్రంతో గెలిచాక 137 ఏళ్లు ఆ ఇంట ఎవరికీ దక్కలేదు. 14వ ఎర్ల్ ప్రధానిగా ఉన్న 1858లో ఆయన గుర్రం టాక్సోఫిలైట్ రెండో స్థానంలో ఆగిపోయింది. 17వ ఎర్ల్ 1924లో, 1933లో, మళ్లీ యుద్ధం వల్ల ఎప్సమ్ వదిలి న్యూమార్కెట్‌లో పెట్టిన 1942లో గెలిచాడు. తర్వాత ఏ లార్డ్ డెర్బీ గుర్రమూ డెర్బీ గెలవలేదు. విడిది ఇంటి పేరున్న ఓక్స్ పందెం మాత్రం 2004లో మళ్లీ ఆ కుటుంబానికే వచ్చింది, 19వ ఎర్ల్ గుర్రం ఊయిజా బోర్డ్‌తో.